ఎరుక కలిగినవారి భయం: ‘ఏలియన్స్’ ఉత్తరకథ, కృష్ణా డెల్టా ఉప్పెనలు

ఒకరు ముగించిన చోట మరొకరు మొదలుపెట్టడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన పూరించి, ఆ భాగాన్ని రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. తిక్కన విరాటపర్వంతో ఆరంభించి హరిహరనాథునికి అంకితమిచ్చాడు. నడక మార్చాడు, సంభాషణకు ప్రాధాన్యం పెంచాడు. ఎఱ్ఱన చేసింది శేషపూరణ. తిక్కన చేసింది అంతకంటె స్వతంత్రమైన పని. పూర్వకవి వేసిన పునాదిని గౌరవిస్తూనే పైకట్టడాన్ని తన తీరున లేపాడు. సంస్కృతంలో భవభూతి ఇంకొక అడుగు ముందుకు వేశాడు. మహావీరచరితంలో వీరం అంగిరసం. అదే కథానాయకుని తరువాతి జీవితాన్ని చెప్పిన ఉత్తరరామచరితంలో కరుణం అంగిరసం. కాబట్టి ఉత్తరకథలో రసం మారడం దానంతట అది దోషం కాదు. మార్పుకు కారణం కథలో ఉన్నదా, అంగడిలో ఉన్నదా అని మాత్రం అడగవలసి ఉంటుంది.

ఈ ప్రశ్నకు ఆధునిక కాలంలో మంచి పరీక్ష 1986లో విడుదలైన ‘ఏలియన్స్’ అనే ఆంగ్ల చిత్రం. 1979లో రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో వచ్చిన ‘ఏలియన్’ దాని పూర్వకథ. మొదటిది భయానక చిత్రం. జేమ్స్ కామెరాన్ రచించి దర్శకత్వం వహించిన రెండవది వైజ్ఞానిక కల్పనలో నడిచే యుద్ధకథ. ఒకే కథానాయిక, ఒకే ప్రాణి, ఒకే గ్రహం. రసం మాత్రం వేరు. స్కాట్ భయపెట్టాడు, కామెరాన్ తుపాకులు పేల్చాడు అన్నది ఈ జంట చిత్రాల గురించి తరచు వినిపించే మాట. తెలుగు పాఠకులకూ ఇటువంటి జంటలు అపరిచితం కావు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నవలకు ‘తులసి’ కొనసాగింపుగా వచ్చింది. ఆ రెండవ నవల ఆధారంగానే 1986లో ‘కాష్మోరా’ చిత్రం వెలువడింది. ఒకసారి భయపడిన పాఠకుణ్ణి రెండవసారి ఏమి చేయాలన్న సమస్య జనప్రియ రచయితలందరికీ ఎదురయ్యేదే. ఆ సమస్యను సాధారణంగా వ్యాపారపు సమస్యగా చూస్తారు. దానిలో ఒక నైతిక సమస్య కూడా ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదన. భయానకానికి ఆధారం తెలియకపోవడం. ఉత్తరకథ మొదలయ్యేసరికి ఒకరికి తెలుసు. తెలిసిన మనిషి తెలియనివారికి ఏమి బాకీ పడతాడు? ఆ మాట విన్నవారు అతనికి ఏమి బాకీ పడతారు?

తెలుగులో ‘ఎరుక’ అనే మాటకు తెలివి అన్న అర్థమూ ఉంది, జరగబోయేది చెప్పడమన్న అర్థమూ ఉంది. ఎరుక చెప్పే స్త్రీ వీధిలోకి వచ్చి పిలవకుండానే చెబుతుంది. సహదేవుడు మాత్రం, జానపదుల నోట నడిచే భారతకథల్లో, అన్నీ తెలిసినవాడై కూడా అడిగితే తప్ప పెదవి విప్పడు. ఎరుక విషయంలో మన సంప్రదాయం ఈ రెండు వైఖరులనూ దాచి ఉంచుకున్నది. కింది పరిశీలనకు ఈ భేదం అవసరమవుతుంది.

పూర్వకథ: పంచిపెట్టిన అజ్ఞానం

నాట్యశాస్త్రం భయానకానికి చెప్పిన విభావాలలో వికృతధ్వనులు, శూన్యగృహాలు, అరణ్యగమనం ఉన్నాయి. ‘ఏలియన్’ చిత్రంలోని నోస్ట్రోమో అనే సరుకు నౌక ఏకకాలంలో శూన్యగృహమూ అరణ్యమూ. అందులో ఉన్నది ఏడుగురు. తిరుగు ప్రయాణంలో దీర్ఘనిద్రలో ఉన్నవారిని మధ్యలో ఒక సంకేతం మేల్కొలుపుతుంది. సంకేతం వచ్చిన చోటును పరిశీలించకపోతే వారికి రావలసిన వాటా రాదు, ఒప్పందం అది. దిగుతారు. ఒకడు ముఖానికి అంటుకున్న జీవితో తిరిగి వస్తాడు. ఆ తరువాత ఒక్కొక్కరే పోతారు. స్విట్జర్లాండ్ చిత్రకారుడు హెచ్. ఆర్. గీగర్ రూపకల్పన చేసిన ఆ ప్రాణి పూర్తిగా కనిపించే క్షణాలు చాలా తక్కువ. కనపడనిదాన్ని ప్రేక్షకుడు తన మనస్సుతో పూరించుకుంటాడు. భయానకానికి బలం అక్కడే.

అయితే చిత్రం నడుమ ఒక సంగతి బయటపడుతుంది. నౌకలోని శాస్త్రాధికారి ఆష్ మనిషి కాదు, యంత్రం. ఆ ప్రాణిని తీసుకురావాలని, సిబ్బంది పోయినా ఫరవాలేదని సంస్థ అతనికి రహస్యాదేశం ఇచ్చింది. అంటే ఆ నౌకలో అజ్ఞానం అందరికీ సమానం కాదు. మిగిలిన ఆరుగురికి తెలియనిది ఒకనికి తెలుసు. వారి అజ్ఞానం విశ్వరహస్యం ముందు మానవునికి సహజంగా ఉండే అజ్ఞానం కాదు. ఎక్కడో ఒక కార్యాలయంలో కూర్చుని ఎవరికి ఎంత తెలియాలో నిర్ణయించి పంచిపెట్టినది. ఈ చిత్రాన్ని కేవలం తెలియనిదాని భయంగా వ్యాఖ్యానించేవారు ఈ అంశాన్ని తేలికగా దాటవేస్తారు. ఉత్తరకథకు బీజం మాత్రం ఇక్కడే ఉన్నది. కామెరాన్ ప్రాణిని బహువచనం చేశాడని శీర్షిక చెబుతుంది. అంతకంటె ముఖ్యంగా ఆష్ రహస్యాన్ని పట్టుకుని, దాన్ని కథ అంతటికీ వెన్నెముక చేశాడు.

ఉత్తరకథ: నమ్మనివారి ముందు సాక్ష్యం

ప్రాణాలతో మిగిలిన రిప్లీ చిన్న నౌకలో 57 సంవత్సరాలు నిద్రావస్థలో కొట్టుకుపోయి దొరుకుతుంది. విచారణ సంఘం ముందు నిలబడుతుంది. సంఘానికి ఆమె చెప్పిన ప్రాణి మీద కంటె ఆమె పేల్చివేసిన నౌక ఖరీదు మీద శ్రద్ధ ఎక్కువ. ఆ గ్రహం మీద ఇరవై ఏళ్లకు పైగా కుటుంబాలు కాపురం ఉంటున్నాయని, ఎవరూ అటువంటిదాన్ని చూసినట్టు చెప్పలేదని ఆమెకు తెలుస్తుంది. గాలిని మనుషులు పీల్చుకోదగినదిగా మార్చే యంత్రాగారం దగ్గర వెలసిన వలసగ్రామం అది. రిప్లీ అనుమతిపత్రం రద్దవుతుంది. కొంత కాలానికి ఆ గ్రామంతో సంబంధం తెగిపోతుంది. అప్పుడు ఆమె అవసరం పడుతుంది. బర్క్ అనే సంస్థ ప్రతినిధి వచ్చి సైనికులకు సలహాదారుగా రమ్మంటాడు. ఆమె మొదట కాదంటుంది. రాత్రుళ్లు అదే కల. చివరకు ఒక్క షరతు మీద ఒప్పుకుంటుంది. వెళ్లేది నిర్మూలించడానికే కాని, పరిశోధించడానికో వెంట తేవడానికో కాకూడదు.

ఈ ఘట్టం చదివిన పురాణ పరిచయమున్న తెలుగు పాఠకునికి మారీచుడు గుర్తుకు రాకపోడు. అరణ్యకాండలో రావణుడు తన పన్నాగంతో వచ్చినప్పుడు ఎరుక గలవాడు మారీచుడొక్కడే. విశ్వామిత్రుని యాగవేళ బాలరాముని బాణం దెబ్బకు సముద్రంలో పడ్డవాడు. దండకలో మరోసారి తప్పించుకుని తపస్సులో చేరినవాడు. ప్రతి చెట్టులోనూ రాముడే కనిపిస్తాడని, రకారంతో మొదలయ్యే మాట వింటేనే వణుకు పుడుతుందని చెప్పుకున్నాడు. బతికి బయటపడ్డవాని మనఃస్థితిని ఇంత సూక్ష్మంగా పట్టిన చోటు ప్రాచీన కావ్యాలలో అరుదు. రావణుడు విన్నాడు, నమ్మలేదు. వెళ్లకపోతే తానే చంపుతానన్నాడు. భయం తెలిసినవాణ్ణి, భయం తెలియనివాడు అదే చోటికి తిరిగి పంపాడు.

పోలిక ఇక్కడిదాకా సరిపోతుంది. మారీచుడు తన ఎరుకను చావు ఎవరి చేతిలో మేలన్న ఎంపికకు వాడుకుని, మోసానికి లొంగాడు. రిప్లీ ఎరుకతో మరొకరి ప్రాణం కాపాడే పనికి పూనుకుంటుంది. ఇద్దరి భయం ఒకటే. భయం దారితీసిన పని వేరు.

బర్క్ ప్రవర్తనను తత్త్వవిచారకులు ఇంకాస్త నిదానంగా చూడవలసి ఉంది. విచారణ ముగిసిన తరువాత, రిప్లీ చెప్పిన చోటును వెళ్లి చూడమని వలసగ్రామానికి ఆదేశం పంపినది అతడే. అక్కడ ఏముండవచ్చో ఒక్క మాట చెప్పలేదు. రిప్లీ నిలదీసినప్పుడు అతడు దాన్ని ఒక తప్పుడు నిర్ణయంగా చెప్పుకుంటాడు. ముందే హెచ్చరిస్తే అధికారులందరూ జోక్యం చేసుకునేవారని, అప్పుడు ఆ అన్వేషణ మీద ఎవరికీ హక్కు దక్కేది కాదని అతని వాదం. అతని పక్షాన ఒక సమాధానం ఊహించవచ్చు: ఆమె మాట రుజువు కానిది, సంఘమే నమ్మలేదు, రుజువు లేనిదానికి గ్రామాన్ని భయపెట్టడం బాధ్యత అవుతుందా? ఈ సమాధానం పైకి బలంగానే కనిపిస్తుంది. కాని అతని చర్యే దాన్ని ఖండిస్తుంది. నమ్మనివాడు వెతకడానికి మనుషులను పంపడు. లాభం దగ్గర నమ్మినవాడు, ప్రమాదం దగ్గర నమ్మలేదంటున్నాడు. ఒకే ఎరుకను రెండు ముక్కలు చేసి, లాభపు ముక్క తన దగ్గర ఉంచుకుని, ప్రమాదపు ముక్కను చెప్పకుండానే ఇతరుల నెత్తిన పెట్టాడు. ఇది పొరపాటు అన్న మాట కిందికి రాదు. సహదేవుని మౌనంతోనూ దీన్ని పోల్చరాదు. సహదేవుడు తన మౌనంతో ఏమీ సంపాదించుకోలేదు.

గ్రామంలో మిగిలిన ప్రాణి ఒక చిన్నపిల్ల, న్యూట్. గాలిగొట్టాలలో దాక్కుని రోజులు గడిపినది. సైనికులు వచ్చారు, ఇక భయం లేదని రిప్లీ ఓదార్చితే, దానివల్ల ఒరిగేదేమీ లేదన్నట్టు బదులిస్తుంది. భూతాలు లేవని తల్లి చెప్పిందని, ఉన్నాయని తనకు తెలిసిందని మరొక చోట అంటుంది. అలా ఎందుకు చెబుతారని పిల్ల అడిగితే, చాలాసార్లు అది నిజమే కాబట్టి అని రిప్లీ జవాబిస్తుంది. చిత్రంలో సైనికుల హడావిడి ఎంత ఉన్నా నిజమైన కేంద్రం ఈ సంభాషణే. ఎరుక గలవారిద్దరూ, ఒకరు పెద్ద, ఒకరు చిన్న, ఒకరినొకరు నమ్ముతారు, రుజువు అడగరు.

నీటి అంచున కాపురం

వలసగ్రామాన్ని వెలయించినవారికి ఆ నేల గురించిన ఎరుకను చెప్పే బాధ్యత ఉన్నదా అన్న ప్రశ్న కృష్ణా డెల్టాలో కల్పన కాదు. బెజవాడ దగ్గర 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట ఈ నేల రూపాన్నే మార్చింది. అంతకు ఇరవై ఏళ్ల కిందటి డొక్కల కరువులో జనం పిట్టల్లా రాలిన ప్రాంతానికి కాలువనీరు వచ్చింది. ఆనకట్టను కట్టించినదీ ఒక సంస్థే. జనవ్యవహారంలో దాని పేరు కుంపిణీ. చిత్రంలోని సంస్థనూ పాత్రలు ఎక్కువగా కుంపిణీ అన్నంత ముక్తసరిగానే ప్రస్తావిస్తాయి. ఈ పోలికను సాగదీయడం మాత్రం అన్యాయం. ఆనకట్ట ఇచ్చినది అన్నం. దాని స్థానంలో 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి ఇప్పటికీ ఇస్తున్నదీ అన్నమే. చెప్పదగిన సంగతి ఒక్కటే. నీరు పారినంత మేరా నేల కాపురానికి యోగ్యమైంది, సముద్రం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉన్నది.

ఆనకట్ట పూర్తయిన తొమ్మిదేళ్లకే, 1864 నవంబరు 1 రాత్రి, బందరు మీదికి ఉప్పెన వచ్చింది. దాదాపు 30,000 మంది చనిపోయారు. ఈ తీరానికి అది పూర్వకథ. ఆ తరువాత 113 సంవత్సరాలకు, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై సముద్రానికి పోయే చోట, నడుమ మిగిలిన నేల దివి. దివి అంటే దీవి. ఆ పేరులోనే మూడువైపులా నీరున్నదన్న హెచ్చరిక ఉన్నది. ఐదారు మీటర్ల ఎత్తున లేచిన నీరు పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్లను తుడిచిపెట్టింది. అధికారికంగా లెక్కకు వచ్చిన మృతులే పదివేలకు దగ్గర. జనం చెప్పుకునే సంఖ్య అంతకంటె చాలా ఎక్కువ.

రిప్లీ నిద్ర 57 ఏళ్లు. బందరు ఉప్పెనకూ దివిసీమ ఉప్పెనకూ నడుమ తీరం పోయిన నిద్ర అంతకు దాదాపు రెట్టింపు. చిన్న చిన్న తుఫానులు ఏటా వచ్చిపోతూనే ఉన్నాయి. అవే మరుపుకు తోడ్పడి ఉండవచ్చు. గాలివాన తెలిసినవానికి ఉప్పెన కూడా తెలుసునన్న భ్రమ కలుగుతుంది. 1977లో తుఫాను బంగాళాఖాతంలో ఉన్నదన్న సంగతి వాతావరణ శాఖకు తెలియక కాదు. రేడియో లేని గుడిసెకు, రోడ్డు లేని ఊరికి, గాలివాన అంటే ఏమిటో తెలిసి ఉప్పెన అంటే ఏమిటో తెలియని మనిషికి ఆ ఎరుక చేరవలసిన రూపంలో చేరలేదు. ఇక్కడ బర్క్ వంటి దుష్టుణ్ణి వెతకడం తేలిక, కాని అది చరిత్రకు న్యాయం చేయదు. దివిసీమలో ఎరుకను ఎవరో దాచారనడానికి ఆధారం అక్కరలేదు. ఎరుక కాళ్లు లేనిదై ఉండటమే చాలు, చావులు జరగడానికి. అయినా ప్రశ్న మిగిలే ఉంటుంది. కాళ్లు సమకూర్చడం ఎవరి పని? శిస్తు వసూలుకు చేరగలిగిన ఊరికి హెచ్చరిక చేరలేకపోతే, అది దూరం వల్ల వచ్చిన ఇబ్బంది అనిపించుకోదు.

ఈ తీరానికి ఉత్తరకథ 1990 మే 9న వచ్చింది. బలంలో 1977 నాటిదానితో పోల్చదగిన తుఫాను, దాదాపు అదే తీరం, మచిలీపట్నానికి నైరుతిగా. మృతుల సంఖ్య వేయికి లోపు. నడుమ జరిగినవి చెప్పుకోవడానికి నాటకీయమైనవి కావు. ఎత్తుగా కట్టిన తుఫాను ఆశ్రయ భవనాలు, మచిలీపట్నం రాడార్, మైకులు కట్టిన జీపులు, ముందే కదిలించిన లక్షన్నరకు పైగా జనం. కదలమన్నప్పుడు కదిలినవారిలో పదమూడేళ్ల కిందట తాటిచెట్టునో కొబ్బరిచెట్టునో పట్టుకుని మిగిలినవారు ఉంటారు. వారికి రుజువు అవసరం లేదు. న్యూట్ ముందు రిప్లీ మాటకు ఎంత బలమున్నదో, వారి ముందు మైకు మాటకూ అంత బలం ఉండి ఉంటుంది.

వీరం ఎవరిది

నాట్యశాస్త్రం వీరాన్ని ఉత్తమ ప్రకృతులకు, భయాన్ని స్త్రీలకూ నీచ ప్రకృతులకూ కేటాయించింది. ‘ఏలియన్స్’ ఈ కేటాయింపును తలకిందులు చేసినదని చెప్పడం సులభం. అందరికంటె ఎక్కువ గొప్పలు పోయిన సైనికుడు హడ్సన్ మొదటి దెబ్బకే బేలపడతాడు; పడవ నడపవలసిన లెఫ్టినెంట్ గోర్మన్ స్తంభించిపోతాడు; రిప్లీ తానే వాహనాన్ని నడుపుకుంటూ లోపలికి దూసుకెళ్లి చిక్కుకున్నవారిని బయటికి తెస్తుంది. ఈ తారుమారు మీద ఇప్పటికే చాలా రాశారు. అలంకారశాస్త్ర దృష్టితో అంతకంటె ఆసక్తికరమైనది మరొకటి ఉన్నది. వీరభయానకాలు పరస్పర విరోధులు. ఆనందవర్ధనుడు ఆ విరోధానికి పరిహారం చెబుతూ ఆశ్రయాన్ని వేరు చేయమన్నాడు: నాయకునిలో వీరం, ప్రతినాయకునిలో భయం. రిప్లీలో ఈ రెండూ ఒకే ఆశ్రయంలో ఉన్నాయి. ఆమె భయం ఎప్పుడూ పోదు. చివరిసారి పిల్ల కోసం ఒంటరిగా కిందికి దిగే ముందు లిఫ్టులో ఆయుధాలు కూర్చుకుంటున్నప్పుడు ఆమె ముఖంలో ఉన్నది ఉత్సాహం కంటె భయమే ఎక్కువ. సిగర్నీ వీవర్ నటనకు ఉత్తమ నటి విభాగంలో ఆస్కార్ ప్రతిపాదన దక్కడానికి ఈ మిశ్రమం ముఖ్య కారణమని ఊహించవచ్చు.

విరోధ పరిహారం లేకుండానే ఇది రసభంగం కాకపోవడానికి కారణం ఏమిటి? ఆ వీరం యుద్ధవీరం కాకపోవడమే. యుద్ధవీరుడు గెలుపును కోరతాడు. భయం గెలుపుకు అడ్డు. దయావీరుడు మరొకరి ప్రాణాన్ని కోరతాడు. అతనికి భయం ఉన్నా ఆ ప్రాణం విలువ తగ్గదు. విశ్వనాథుడు వీరాన్ని నాలుగు విధాలుగా విభజించినప్పుడు దయావీరునికి నాగానందంలోని జీమూతవాహనుడు ఉదాహరణగా నిలిచాడు. శంఖచూడుడు జీమూతవాహనునికి బంధువు కాడు, స్నేహితుడు కాడు. ఆ పూట ఎదురుపడ్డ ఒక పరాయి తల్లి కొడుకు. అంతే.

ఈ వెలుగులో చిత్రానికి ఉన్న రెండు పాఠాలను పోల్చవలసి ఉంటుంది. 1986లో థియేటర్లకు వచ్చిన పాఠంలో లేని ఒక దృశ్యం తరువాత విడుదలైన నిడివి పాఠంలో చేరింది. నిద్ర నుంచి లేచిన రిప్లీకి తన కూతురు ముసలిదై చనిపోయిందన్న వార్త అందుతుంది. నిడివి పాఠమే ఉత్తమమని అభిమానులలో గట్టి అభిప్రాయం ఉన్నది. తల్లీకూతుళ్ల అంశం అందులో స్పష్టపడుతుందని వారి కారణం. పాఠపరిష్కరణ దృష్టితో ఆ అభిప్రాయాన్ని కాదనలేము. కవి ఉద్దేశించినది అదే కావచ్చు. నైతిక దృష్టితో మాత్రం తొలి పాఠమే మెరుగు. కూతురి వార్త వినకముందు రిప్లీ న్యూట్‌ను కాపాడితే అది అకారణ దయ. విన్న తరువాత కాపాడితే అది పోయినదాని స్థానంలో మరొకదాన్ని నిలుపుకోవడం. వాత్సల్యం, కరుణం కలిసిన మరొక భావం. అది గొప్పదే, కాని దానికి సొంత అవసరమంటూ ఒకటి ఉన్నది. జీమూతవాహనునికి కూడా ఒక కొడుకు పోయి ఉంటే నాగానందం ఎంత కుంచించుకుపోయేదో ఊహించుకోవచ్చు.

చిత్రంలో ఒప్పుకోలేని చోటు కూడా ఉన్నది. గుడ్ల నడుమ రాణిప్రాణి కనిపిస్తుంది. తన గుడ్లకు హాని చేస్తానన్న బెదిరింపు అర్థమై, అది తన పిల్లలను వెనక్కు రమ్మని రిప్లీకి దారి ఇస్తుంది. ఆ క్షణాన ఇద్దరు తల్లుల మధ్య మాటలు లేని ఒప్పందం కుదిరింది. ఒక గుడ్డు విచ్చుకోవడం చూసిన రిప్లీ అన్నిటినీ తగలబెడుతుంది. వలసగ్రామం సంగతి తెలిసిన ప్రేక్షకుడు ఆమెను తప్పుపట్టడు. కాని దయావీరం అక్కడ రౌద్రంలోకి జారిందన్నది నిజం. ఆ జారుడుకు చిత్రం ఏ మాత్రం చింతించదు. శత్రువుకు ఒక ముఖం దొరికింది కాబట్టి ఎరుక తన పని మానుకుని పగకు దారి ఇచ్చింది.

డెల్టా ఉప్పెనలతో పోలిక తెగిపోయేదీ ఇక్కడే. సముద్రానికి ముఖం లేదు. తగలబెట్టడానికి గుడ్లు లేవు. 1977 తరువాత దివిసీమలో ఎవరికైనా పగ పుట్టి ఉంటే దానికి తీరే మార్గం లేదు. మిగిలినది మళ్లీ వచ్చేదాని కోసం ఇటుక మీద ఇటుక పేర్చి మెట్లున్న ఎత్తైన గది కట్టడం, రేడియో బ్యాటరీ మార్చడం, ఊరి చివర ఇంటికి ఎవరు వెళ్లి చెప్పాలో పేరు రాసి పెట్టుకోవడం. దీనిలో యుద్ధవీరానికి చోటు లేదు. దయావీరానికి ఉన్నది, అది కూడా ఒక్కరిది కాదు, పంచుకున్నది. ‘ఏలియన్స్’ సైనిక పరికరాలను ఎంత మక్కువతో చూపిందో ఈ పనులను అంత మక్కువతో చూపే కథ ఒకటి ఊహించడం కష్టం. ఆ కష్టం రసశాస్త్రానిదా, ప్రేక్షకులదా అన్నది వేరే చర్చకు తగిన విషయం.

చిత్రం చివర రిప్లీ, న్యూట్, గాయపడిన హిక్స్, రెండుగా చీలిన యంత్రమానవుడు బిషప్ మిగులుతారు. కలలు కనవచ్చునా అని పిల్ల అడుగుతుంది. కనవచ్చునని రిప్లీ చెబుతుంది; ఇద్దరూ దీర్ఘనిద్రలోకి వెళతారు. భావపుష్టి కోసం కుదిర్చిన ముగింపు అది, కుదిరింది కూడా. కాని నైతిక ప్రశ్నతో చూసేవారికి ఒక లోటు కనిపిస్తుంది. మొదట ఆమె నిలబడిన విచారణ సంఘం మళ్లీ తెర మీదికి రాదు. ఆమె మొదటి వాంగ్మూలం అబద్ధమని నమోదై ఉన్నది. దాన్ని సరిదిద్దే కాగితం ఎక్కడా పుట్టదు. బర్క్ సంతకంతో వెళ్లిన ఆదేశం వలసగ్రామపు దస్త్రంలో ఉండేది. గ్రామంతోపాటు అది బూడిదయింది. 1992లో వచ్చిన మూడవ చిత్రం మొదలయ్యేసరికి న్యూట్, హిక్స్ ఇద్దరూ చనిపోయి ఉంటారు. ఎరుక గల మనిషి తిరిగి రిప్లీ ఒక్కతే; ఆమె మాట వినవలసినవారు ఆ గ్రహం మీద తిరిగి కొత్తవారు.